మిలిటరీ డబ్బుని బడికీ ఆసుపత్రికీ మళ్ళించమని అడగడం ఎలా, గాలిమాటలు కాకుండా లెక్కతో

"తుపాకులొద్దు, బడులు కావాలి" అని అట్టముక్క మీద రాసి పట్టుకోవడం ఎలాగో చెప్పే పోస్టు కాదు ఇది, అది అందరికీ వచ్చు, నేనూ చాలాసార్లు పట్టుకున్నా. ఆ అట్టముక్క దించాక ఏం చెయ్యాలన్నదే ఎవరూ చెప్పరు.

కొన్నేళ్ళ కింద మేం ఓ పదిమందిమి కూర్చుని వినతిపత్రం ఒకటి తయారుచేశాం, రెండు పేజీలు, మంచి ఆవేశంగా వచ్చింది, చదువుతుంటే మాకే రోమాలు నిక్కబొడుచుకున్నాయి. తీసుకెళ్ళి ఒక ప్రజాప్రతినిధి చేతిలో పెట్టాం. ఆయన మర్యాదగానే మొత్తం చదివి, పెన్ను తీసి "సైనిక వ్యయం తగ్గించి" అన్న ముక్క కింద గీత గీసి "ఏ పద్దులోంచి?" అన్నారు. ఎవ్వరికీ నోరు పెగల్లేదు. "పోనీ ఎంత?" అన్నారు. "కొంత" అన్నాడు మావాడొకడు. ఆ "కొంత" మా గ్రూపులో ఇప్పటికీ జోకే, ఎవరు ఎవర్ని ఏం అడిగినా "కొంత" అనే జవాబు.

ఆ రోజు తర్వాత నేర్చుకున్నదంతా ఒక్క ముక్కలో చెప్పాలంటే, ఇక్కడ కోస్తే అక్కడ మొలవదు. మిలిటరీలో మిగిలిన డబ్బు తనంతట తాను లేచి నడుచుకుంటూ బడికి పోదు, అప్పులు తీర్చడానికి పోవచ్చు, పన్నులు తగ్గించడానికి పోవచ్చు, ఇంకో ఆయుధానికే పోవచ్చు. ఎక్కడ తియ్యాలో ఎక్కడ పెట్టాలో రెండు కొసలూ మీరే పట్టుకుని ఒకే ముడి వెయ్యాలి. మిగతాదంతా ఆ ముడి ఎలా వెయ్యాలన్నదే.

ముందు మొత్తం ఎంతో చూసుకోండి, అది ఒకే చోట ఉండదు

స్టాక్‌హోమ్‌లో సిప్రి అని ఒక పరిశోధనా సంస్థ ఉంది, ఏటా ఏ దేశం మిలిటరీ మీద ఎంత పెట్టిందో లెక్కగట్టి బయటపెడుతుంది. దాని లెక్కలో 2024లో ప్రపంచం మొత్తం కలిపి పెట్టింది 2 లక్షల 71 వేల 800 కోట్ల డాలర్లు, ముందు ఏడాది కంటే 9.4 శాతం ఎక్కువ, కోల్డ్ వార్ అయిపోయాక ఒక్క ఏడాదిలో ఇంత పెరగడం ఎప్పుడూ లేదు. అందులో ఒక్క అమెరికాదే 99 వేల 700 కోట్లు. మీ వాదన మొదలుపెట్టడానికి ఇవి బాగుంటాయి గానీ వీటితోనే ఆగిపోతే మళ్ళీ "కొంత" దగ్గరికే వస్తారు.

చాలామంది రక్షణ శాఖ పద్దు ఒక్కటి తీసి అదే మొత్తం అనుకుంటారు. అమెరికాలో అణుబాంబుల తయారీ, వాటి మెయింటెనెన్స్ పెంటగాన్ (అక్కడి రక్షణ శాఖ) లెక్కలో ఉండదు, ఇంధన శాఖ లెక్కలో ఉంటుంది, పేరు చూస్తే కరెంటు వ్యవహారమేదో అనుకుని పేజీ తిప్పేస్తాం. మాజీ సైనికుల వైద్యం, పరిహారాలు ఇంకో శాఖలో. ఇండియాలో సైనిక పెన్షన్లు రక్షణ శాఖ కిందే ఉంటాయి కానీ పద్దు వేరు, 2025-26 బడ్జెట్‌లో రక్షణకి చూపించిన 6.81 లక్షల కోట్ల రూపాయల్లో 1.60 లక్షల కోట్లు పెన్షన్లకే. అందుకే టీవీ డిబేట్లలో ఒకాయన ఒక అంకె చెప్తే ఇంకొకాయన "అబ్బే అంత కాదు" అని లేస్తాడు, ఇద్దరూ అబద్ధమాడట్లేదు, ఒకాయన పెన్షన్లు కలుపుకున్నాడు ఇంకొకాయన తీసేశాడు. మీరు ఏది కలిపారో ఏది వదిలేశారో కాగితంలో మొదటి లైన్లోనే రాసెయ్యండి, సగం గొడవ అక్కడే తీరిపోతుంది.

ఇంకో దొంగదారి ఉంది, ఎమర్జెన్సీ పేరు మీద వచ్చేది. అమెరికాలో 2011లో ఖర్చుకి పరిమితులు పెడుతూ చట్టం చేశారు, కానీ విదేశాల్లో యుద్ధాల కోసం పెట్టే ప్రత్యేక నిధి ఆ పరిమితి కిందకి రాదు, దాంతో ఏటా మామూలుగా అయ్యే ఖర్చులు కూడా కొన్ని అందులోకి తోసేవారు. బడ్జెట్ పుస్తకంలో ఖర్చు తగ్గినట్టే కనిపిస్తుంది, పక్క జేబు మాత్రం ఉబ్బుతుంటుంది. కాబట్టి బడ్జెట్ రోజు చెప్పిన అంచనా, మధ్యలో సవరించిన అంచనా, చివరికి నిజంగా ఖర్చయినది, ఈ మూడూ పక్కపక్కన పెట్టుకోకుండా ఏమీ మాట్లాడొద్దు.

ఇప్పుడు అసలు పని, ఇందులో కదిలేది ఎంత

ఒక కాగితం తీసుకోండి. మిలిటరీ బడ్జెట్ 100 అనుకోండి, ఏ దేశానిదీ కాదు, ఊరికే లెక్క అర్థమవడానికి. జీతాలు, పెన్షన్లు 45. ఇంధనం, రిపేర్లు, ట్రైనింగ్, బేస్‌ల నిర్వహణ 30. కొత్త కొనుగోళ్ళు 25. చూడగానే ఏమనిపిస్తుంది, 25 ఉంది కదా అందులో సగం తీసేద్దాం అనిపిస్తుంది, మాకూ అలాగే అనిపించింది. కానీ ఆ 25లో 20 ఎప్పుడో సంతకాలైపోయిన కాంట్రాక్టుల వాయిదాలు, ఓడ సగం కట్టేసి ఉంటుంది, విమానం రెక్కలు ఫ్యాక్టరీలో ఉంటాయి, ఇప్పుడు మానేస్తే జరిమానా కట్టాలి, పైగా చేతికి ఓడా రాదు. అంటే ఈ ఏడాది నిజంగా చేతికి చిక్కేది 5. ఆ 30లో గట్టిగా పిండితే ఇంకో 2 వస్తుందేమో. 45 జోలికి వెళ్ళొద్దు, దాని గురించి కింద చెప్తా.

అంటే 100లో 7. "వెంటనే సగానికి తగ్గించండి" అన్నవాడిని ఆర్థిక శాఖ గుమాస్తా కూడా సీరియస్‌గా తీసుకోడు, ఎందుకో ఇప్పుడు అర్థమైంది కదా. కానీ అదే కాగితం మీద ఐదేళ్ళకి గీయండి. సంతకం కాని కొత్త ఒప్పందాలు ఆగితే పాత వాయిదాలు ఒక్కొక్కటీ తీరిపోతుంటాయి, మూడో ఏడాదికి 20 కాస్తా 14 అవ్వచ్చు, ఐదో ఏడాదికి 8 అవ్వచ్చు, ఖాళీ అయ్యే చోటు ఏటా పెరుగుతుంది. కాబట్టి ఈ ఏడాది డబ్బు మీద కాకుండా ఈ ఏడాది పెట్టబోయే సంతకం మీద కన్నేయండి. సంతకం పడ్డ రోజున వార్త చిన్నగా వస్తుంది, ఎవరూ పట్టించుకోరు, బిల్లులు పదేళ్ళు వస్తాయి.

బిల్లు అంటే కొన్న ధర కూడా కాదు. అమెరికా వాళ్ళ ఎఫ్-35 ఫైటర్ జెట్ చూడండి, ఆ ప్రోగ్రామ్‌కి జీవితకాలంలో అయ్యేది 2 లక్షల కోట్ల డాలర్లు దాటుతుందని వాళ్ళ ప్రభుత్వ ఆడిటర్లే 2024లో చెప్పారు, అందులో సుమారు 1 లక్షా 58 వేల కోట్లు విమానాలు కొనడానికి కాదు, కొన్నాక నడపడానికీ బాగుచెయ్యడానికీ. ధర అడిగి కొని మైలేజీ అడగడం మర్చిపోయిన బండి లాంటిది.

దేన్ని ముందు పట్టుకోవాలి

సైన్యమే మాకొద్దు మొర్రో అన్నవి ఉంటాయి, ముందు అవి. నవ్వుతారేమో గానీ నిజంగానే ఉంటాయి. 2012లో అమెరికా ఆర్మీ చీఫ్ జనరల్ ఓడియర్నో స్వయంగా కాంగ్రెస్ (అంటే అక్కడి పార్లమెంటు) ముందుకొచ్చి ఏబ్రమ్స్ ట్యాంకులు మాకు ఇప్పుడు చాలు, కొన్నాళ్ళు ఆపండి అని చెప్పాడు. ఆ ట్యాంకుల పని చేసే ఫ్యాక్టరీ ఒహాయో రాష్ట్రంలో లైమా అనే ఊళ్ళో ఉంది. సభ్యులు రెండు పార్టీల వాళ్ళూ కలిసి డబ్బు మంజూరు చేసేశారు. 2023 ఆర్థిక సంవత్సరానికైతే అధ్యక్షుడు అడిగినదాని మీద కాంగ్రెసే సుమారు 4,500 కోట్ల డాలర్లు అదనంగా అనుమతించింది. అడిగినదాని మీద ఎక్కువిచ్చిన ఆ ముక్కని తగ్గించమంటే "దేశ రక్షణ ఏమైపోవాలి" అని ఎవరూ గొంతు చించుకోలేరు, రక్షణ చూసుకునేవాళ్ళే దాన్ని అడగలేదు మరి.

రెండోది, లెక్క తేలనివి. పెంటగాన్‌కి మొట్టమొదటి పూర్తి ఆడిట్ 2018లో జరిగింది, ఆ ఏడాది పాసవ్వలేదు, ఆ తర్వాత 2024 దాకా ఏటా చేశారు, ఒక్కసారీ పాసవ్వలేదు. డబ్బంతా తినేశారని దీనర్థం కాదు, జాగ్రత్త, ఏ వస్తువు ఎక్కడుందో దాని విలువెంతో కాగితాల మీద చూపించలేకపోయారని అర్థం, ఈ రెండిటినీ కలిపేసి మాట్లాడి పరువు పోగొట్టుకున్నవాళ్ళని చూశాను. మీ దేశంలో ఆడిట్ రిపోర్టులు బయటికి వస్తే అందులో ఆలస్యమైనవి, మొదట చెప్పిన ఖర్చు కంటే బాగా పెరిగిపోయినవి రాసిపెట్టుకోండి, ఒక మూడు చాలు, ముప్పై అక్కర్లేదు.

సైనికుల జీతాలు, పెన్షన్లు, గాయపడ్డవాళ్ళ వైద్యం, వీటిని ముట్టుకోవద్దు అన్నాను కదా. అది రాజకీయంగా తెలివి తక్కువ పని అనే కాదు, అసలు అన్యాయం కూడా. చాలా దేశాల్లో సిపాయిగా చేరేది ఏ కుటుంబాల వాళ్ళు? మీరు ఏ జనం కోసం బడి, ఆసుపత్రి అడుగుతున్నారో వాళ్ళ పిల్లలే. వాళ్ళ నోటి దగ్గరది లాగి వాళ్ళ తమ్ముడికి పెడతానంటే ఎవరొప్పుకుంటారు.

పెట్టే చోటు కూడా అంతే పట్టుగా చూడాలి

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు, మాతో సహా. మేం ఏం రాశామంటే, ఫలానా కొనుగోలు ఆపితే ఇంతమంది టీచర్లని పెట్టుకోవచ్చు అని. బాగుంది కదా వినడానికి? కొనుగోలు డబ్బు నాలుగైదేళ్ళు వస్తుంది, తర్వాత ఆగిపోతుంది. టీచర్‌కి జీతం ముప్పై ఏళ్ళు ఇవ్వాలి, తర్వాత పెన్షన్. ఆరో ఏడాది ఆ టీచర్లకి ఎక్కడ్నుంచి ఇస్తారు? ఈ ప్రశ్న మమ్మల్ని అడిగింది మిలిటరీవాళ్ళు కాదు, మా గ్రూపులోనే అకౌంట్స్ చూసే ఆవిడ, అదీ అంతా ప్రింటింగ్‌కి ఇచ్చాక.

కాబట్టి పాటించాల్సింది ఏంటంటే, ఒక్కసారి వచ్చే డబ్బుని ఒక్కసారి పెట్టే ఖర్చుకే కట్టండి, ఏటా మిగిలేదాన్ని ఏటా అయ్యే ఖర్చుకి కట్టండి. ఓడ కొనడం మానేస్తే వచ్చేది ఆసుపత్రి బిల్డింగ్, స్కానింగ్ మెషిన్లు, నీళ్ళ పైపులైన్లు. ఆ ఆసుపత్రిలో నర్సుల జీతాలు ఎక్కడ్నుంచి రావాలి, ఆ ఓడే గనక ఉండుంటే ఏటా తాగే ఇంధనం, దాని రిపేర్లు, దాని మీద పనిచేసే వందలమంది కోసం కొత్తగా చేసే నియామకాలు, అవి లేకపోవడం వల్ల మిగిలేదాంట్లోంచి. ఎఫ్-35 లెక్క ఇందాక చెప్పింది ఇందుకే, కొన్న ధర కంటే నడిపే ఖర్చే పెద్దది కాబట్టి ఏటా మిగిలేది కూడా తక్కువేం కాదు, కానీ దాన్ని విడిగా చూపించాలి.

ఇంకోటి, తీసుకునే శాఖ ఆ డబ్బుని నిజంగా ఖర్చుపెట్టగలదా? ఇచ్చిన నిధులు ఏడాది చివరికి వాడకుండా వెనక్కి పంపేసిన శాఖకి ఇంకా ఇవ్వమని అడిగితే అవతలివాడు నవ్వుతాడు. గత మూడేళ్ళ వాడకం చూసి, బాగా వాడుకుని ఇంకా డబ్బు చాలక ఆగిపోయిన పథకాన్నే ఎంచుకోండి. చిన్నదైనా ఫర్లేదు.

ముడి వెయ్యడం, ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఉంటా

కోల్డ్ వార్ ముగిసినప్పుడు అమెరికాలో అందరూ "శాంతి లాభం" గురించే మాట్లాడుకున్నారు, ఇక యుద్ధ ఖర్చు తగ్గుతుంది, ఆ డబ్బంతా జనానికే అని. ఖర్చు నిజంగానే తగ్గింది, 1986లో జీడీపీలో సుమారు 6 శాతం ఉన్నది 2000 నాటికి 3 శాతానికి దిగింది. జనానికి వచ్చిందా? పెద్దగా రాలేదు. ఎందుకంటే 1990లో చేసిన బడ్జెట్ చట్టంలో రక్షణకి, విదేశీ వ్యవహారాలకి, దేశంలోపలి కార్యక్రమాలకి విడివిడిగా పరిమితులు పెట్టి మధ్యలో గోడలు కట్టేశారు, 1991 నుంచి 1993 దాకా రక్షణలో మిగిలిన డబ్బు అటువైపు వెళ్ళడానికి వీల్లేదు, లోటు తగ్గించడానికే పోవాలి. సోవియట్ యూనియన్ కూలిపోయింది సరిగ్గా ఆ మధ్యలో, 1991 డిసెంబర్‌లో! గోడ పడగొడదామని 1992లో ప్రయత్నించారు, కాంగ్రెస్‌లో నెగ్గలేదు. చరిత్రలో అంత మంచి అవకాశం వచ్చినప్పుడు డబ్బు ఉంది, ఇష్టం కూడా ఉంది, దారి మాత్రం లేదు. అందుకే మొదట చూడాల్సింది మీ దేశ చట్టాల్లో అలాంటి గోడ ఏదైనా ఉందా అని.

కోస్టారికా కథ అందరూ చెప్తారు, నేనూ చెప్తా కానీ తోక కూడా చెప్తా. 1948 డిసెంబర్ 1న అప్పటి ప్రభుత్వాధినేత హోసే ఫిగెరెస్ రాజధానిలోని బెయవిస్తా బారకాసుల దగ్గర సుత్తి తీసుకుని గోడ మీద కొట్టి, ఇక మా దేశానికి సైన్యం లేదని ప్రకటించాడు, ఆ బారకాసులే ఇప్పుడు నేషనల్ మ్యూజియం. 1949 రాజ్యాంగంలో 12వ అధికరణంగా అది ఎక్కింది. చదువు మీద జీడీపీలో 8 శాతం పెట్టాలని కూడా 2011లో రాజ్యాంగంలో చేర్చారు, అంటే తీసే కొసా పెట్టే కొసా రెండూ రాజ్యాంగంలోనే ఉన్నాయి. తోక ఏంటంటే ఆ 8 శాతం ఈ మధ్య ఏళ్ళలో అందుకోవట్లేదు. రాజ్యాంగంలో రాసినా ఏటా వెంటపడేవాళ్ళు లేకపోతే అంతే సంగతులు. పైగా వాళ్ళకి పోలీసు బలగం ఉంది, ఒకరి మీద దాడి జరిగితే అందరి మీదా జరిగినట్టే అని అమెరికా ఖండాల దేశాలు చేసుకున్న 1947 రియో ఒప్పందం అండ ఉంది, అది దాచిపెట్టి కథ చెప్తే ఎదుటివాడు అదే పట్టుకుని మిగతాదంతా కొట్టిపారేస్తాడు.

జపాన్‌ది ఇంకో రకం. 1976లో మికి ప్రభుత్వం రక్షణ ఖర్చు జీఎన్‌పీలో (స్థూల జాతీయోత్పత్తిలో) 1 శాతం దాటకూడదని కేబినెట్ నిర్ణయం చేసింది. పదేళ్ళు నిలబడింది, తర్వాత నకసోనె హయాంలో దాన్ని పక్కన పెట్టేశారు, 1987 బడ్జెట్‌లో ఒక వెంట్రుకవాసి దాటింది, 1.004 శాతం. 2022 చివర్లో 2027 కల్లా 2 శాతానికి వెళ్ళాలని నిర్ణయించుకున్నారు. కేబినెట్ వేసిన ముడిని ఇంకో కేబినెట్ విప్పేస్తుంది, కాబట్టి వీలైతే చట్టంలో వెయ్యండి, వీలుకాకపోతే కనీసం దానికి ఒక గడువూ ఒక రిపోర్టూ తగిలించండి.

ముడి ఎలా వెయ్యాలో బాగా తెలిసినవాళ్ళెవరో చెప్పనా? డబ్బుని రివర్సులో, అంటే జనం నుంచి మిలిటరీకి మళ్ళించేవాళ్ళు. 2025 ఫిబ్రవరిలో బ్రిటన్ ప్రధాని స్టార్మర్ ఏమన్నారో చూడండి, 2027 కల్లా రక్షణని జీడీపీలో 2.5 శాతానికి తీసుకెళ్తాం, దానికోసం విదేశీ సాయాన్ని జాతీయాదాయంలో 0.5 నుంచి 0.3 శాతానికి తగ్గిస్తాం. ఎక్కడ్నుంచి, ఎక్కడికి, ఎంత, ఎప్పటికల్లా, నాలుగూ రెండు వాక్యాల్లో. ఆ సాయం చూసే మంత్రి రాజీనామా చేసింది, అయినా ప్లాన్ ఆగలేదు. డెన్మార్క్ వాళ్ళయితే రక్షణ ఖర్చు కోసమని 1686 నుంచి వస్తున్న ఒక పండగ సెలవునే 2024 నుంచి తీసేశారు, ఆ రోజు జనం పనిచేస్తే వచ్చే పన్ను ఇటు వస్తుందని, వేలమంది రోడ్లెక్కి వద్దన్నా వినలేదు. నాకు వాళ్ళ ఉద్దేశం నచ్చలేదు గానీ పనితనానికి మాత్రం దండం పెట్టొచ్చు. మన కాగితం కూడా అదే అచ్చులో ఉండాలి:

"ఫలానా పద్దు కింద, ఇంకా ఒప్పందం కాని ఫలానా కొనుగోలుకి అనుకున్న ఇంత మొత్తాన్ని, వచ్చే మూడేళ్ళలో ఏటా ఇంత చొప్పున, ఫలానా శాఖలోని ఫలానా పథకానికి మార్చాలి, ప్రతి ఏడాదీ ఎంత మారిందో సభ ముందు పెట్టాలి."

ఇంతే. ఇది రాయలేకపోతున్నారంటే పైన లెక్కలేవో ఇంకా మిగిలిపోయాయని అర్థం, వెనక్కి వెళ్ళండి.

అడ్డం వచ్చేది జనరల్స్ కాదు, ఉద్యోగాలు

ఎఫ్-35 విడిభాగాలు అమెరికాలో 40కి పైగా రాష్ట్రాల్లో తయారవుతాయి, అంటే దాదాపు ప్రతి సెనేటర్‌కీ తన ఓటర్లలో ఎవరో ఒకరి జీతం అందులో ఉంటుంది. ఇది అలా కుదిరింది అనుకోకండి. మీరు వెళ్ళి కోత అనగానే ఆయనకి కనిపించేది ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడ్డ జనం.

దీనికి మనవాళ్ళు ఒక మంచి అంకె వాడతారు. మసాచుసెట్స్ యూనివర్సిటీ ఆర్థికవేత్తలు 2011లో లెక్కగట్టింది, 100 కోట్ల డాలర్లు మిలిటరీ మీద పెడితే సుమారు 11,200 ఉద్యోగాలు, ఆరోగ్యం మీద అయితే 17,200, చదువు మీద అయితే 26,700. వాడండి, కానీ ఇది చూపించి గెలిచేశామనుకోవద్దు. లేత్ మెషిన్ మీద పాతికేళ్ళు పనిచేసినాయనకి "మీ ఉద్యోగం పోతుంది గానీ దాని బదులు వేరే ఊళ్ళో ఇద్దరు టీచర్లు చేరతారు" అంటే ఆయన ఏం చేసుకోవాలి ఆ మాటని?

బ్రిటన్‌లో లూకాస్ ఏరోస్పేస్ కార్మికులు 1976లో దీనికి తమ జవాబు తామే రాశారు. ఉద్యోగాలు పోయేలా ఉన్నాయని తెలిసి, మా చేతుల్లో ఉన్న పనితనంతో, ఇవే మెషిన్లతో ఆయుధాలు కాక ఇంకేం చెయ్యగలం అని షాప్ ఫ్లోర్ మీద వాళ్ళనే అడిగి దాదాపు 150 వస్తువుల జాబితా తయారుచేశారు, అందులో హీట్ పంపులు, హైబ్రిడ్ ఇంజిన్, ఇంటికి తీసుకెళ్ళగలిగే కిడ్నీ డయాలిసిస్ మెషిన్ కూడా ఉన్నాయి, అన్నీ 1976లో! యాజమాన్యం ఒప్పుకోలేదు, అది వేరే ఏడుపు. కానీ పద్ధతి చూడండి, బయటివాళ్ళు వెళ్ళి చెప్పింది కాదు, లోపలివాళ్ళని అడిగి రాసింది. మీ జాబితాలో ఉన్న కొనుగోలు ఏ ఫ్యాక్టరీలో తయారవుతుందో కనుక్కుని, వీలైతే ఆ యూనియన్‌తో కాగితం రాయకముందే మాట్లాడండి. తిట్టొచ్చు, తిట్టనివ్వండి. మళ్ళించే డబ్బులో కొంత భాగం ఆ కార్మికుల ట్రైనింగ్‌కీ, మారేటప్పటి జీతానికీ అని మీ కాగితంలోనే రాస్తే తిట్లు సగం తగ్గుతాయి. ఎంత భాగమో అంకె వెయ్యండి, మళ్ళీ "కొంత" అనకండి.

బేస్‌లు మూసేటప్పుడు అమెరికావాళ్ళు వాడిన కిటుకు ఒకటుంది, పనికొస్తుంది. 1988 నుంచి 2005 దాకా ఐదుసార్లు స్వతంత్ర కమిషన్ పెట్టి మూసే బేస్‌ల జాబితా మొత్తం ఒకే కట్టగా కాంగ్రెస్ ముందుకు తెచ్చారు, మా ఊరిది తీసెయ్యండి అనే బేరానికి వీల్లేదు, తీసుకుంటే మొత్తం లేదంటే మొత్తం వద్దు. అందరూ కొంచెం కొంచెం నష్టపోతే ఎవరూ ఒంటరిగా నష్టపోయినట్టుండదు.

"మరి శత్రువు వస్తే?"

ఈ ప్రశ్నకి వెటకారంగా జవాబివ్వొద్దు, 2022లో రష్యా ఉక్రెయిన్ మీదకి పూర్తిస్థాయిలో దండెత్తాక ఆ భయం ఊహ కాదు. నేను ఇచ్చే జవాబు ఒక ఎదురుప్రశ్న, మీరు కొనాలంటున్న ఈ ఫలానా వస్తువు ఏ ప్రమాదాన్ని ఆపుతుంది, అదే ప్రమాదాన్ని దీనికంటే చవగ్గా ఆపేది ఇంకేదైనా ఉందా అని. సైన్యం అక్కర్లేదని వాదించాల్సిన పని లేదు మీకు, ఈ ఒక్క కొనుగోలు అక్కర్లేదని నిరూపిస్తే చాలు.

మాజీ సైనికాధికారి ఎవరైనా మీతో కలిస్తే మంచిదే. రెండో ప్రపంచ యుద్ధంలో పశ్చిమ ఐరోపాలో మిత్రరాజ్యాల సేనల్ని నడిపిన జనరల్ ఐజన్‌హోవర్ అమెరికా అధ్యక్షుడయ్యాక 1953 ఏప్రిల్‌లో చేసిన ప్రసంగంలో ఒక్క బాంబర్ విమానం ఖరీదుకి 30కి పైగా ఊళ్ళలో ఒక్కో ఇటుకల బడి కట్టొచ్చని లెక్క చెప్పాడు, ఒక డిస్ట్రాయర్ ఓడ ఖరీదుకి 8,000 మందికి పైగా ఉండేందుకు ఇళ్ళు కట్టొచ్చన్నాడు. అందరూ షేర్ చేసేది ఇదే. ఆయన హయాంలోనే అమెరికా అణ్వాయుధాలు వెయ్యి చిల్లర నుంచి 18 వేలు దాటాయన్నది మాత్రం ఎవరూ షేర్ చెయ్యరు. పోలిక చెప్పడానికి పది నిమిషాలు చాలు, అందుకే నాకు పోలికల కంటే పద్దు నంబర్ల మీదే నమ్మకం.

ఎప్పుడు వెళ్ళాలి, ఎవరి దగ్గరికి

బడ్జెట్ ప్రవేశపెట్టాక వెళ్తే పెళ్ళయ్యాక సంబంధం గురించి వాకబు చేసినట్టుంటుంది. శాఖలు తమ అంచనాలు ఆర్థిక శాఖకి పంపేది కొన్ని నెలల ముందు, అప్పుడే వెళ్ళాలి. పార్లమెంటరీ పద్ధతి ఉన్న చాలా దేశాల్లో మామూలు సభ్యుడు ఖర్చు తగ్గించమని ప్రతిపాదించగలడు గానీ పెంచమని ప్రతిపాదించలేడు, అది ప్రభుత్వమే చెయ్యాలి. ఇది తెలియక మేం ఒక సభ్యుణ్ణి పట్టుకుని విద్యా పద్దు పెంచమని మీరే ప్రతిపాదించండి అని గంటసేపు బతిమాలాం. తగ్గించే కొస సభ్యుడి చేత, పెంచే కొస మంత్రి దగ్గర, రెండు చోట్లకీ ఒకే కాగితం ఒకే వారంలో వెళ్ళాలి.

ఓడిపోతారు, మొదటిసారి దాదాపు ఖాయం. 2020 జూలైలో అమెరికా సెనేట్‌లో శాండర్స్ మిలిటరీ బడ్జెట్‌ని 10 శాతం తగ్గించి బాగా పేదరికం ఉన్న ప్రాంతాల్లో చదువుకీ వైద్యానికీ ఇళ్ళకీ పెట్టాలని సవరణ పెట్టాడు, రెండు కొసలూ ఉన్న సవరణే అది, 23-77తో పోయింది, దిగువ సభలో కోతకి 93 ఓట్లు వస్తే ఎదురుగా 324. కానీ ఓటింగ్ జరిగింది కాబట్టి ఎవరు ఎటున్నారో పేర్లతో సహా చేతికొచ్చింది. మీరు కూడా మూజువాణీ ఓటుతో ముగిసిపోనివ్వకుండా పేర్లు నమోదయ్యే ఓటింగ్ అడగమనండి, వచ్చే ఏడాది ఎవరి తలుపు తట్టాలో ఆ లిస్టే చెప్తుంది.

ఒకవేళ నెగ్గితే అసలు పని అప్పుడు మొదలు, ఎందుకంటే కేటాయింపు వేరు, విడుదల వేరు, ఖర్చు వేరు. ఆరు నెలలకి సవరించిన అంచనా వస్తుంది, అందులో బడికి ఇచ్చినది చడీచప్పుడు లేకుండా తగ్గించేసి, మిలిటరీకి అనుబంధ పద్దు ఒకటి తెచ్చేస్తారు, ఆ రోజు టీవీలో ఇంకేదో గొడవ నడుస్తుంటుంది. క్యాలెండర్‌లో ఆ తేదీ ఇప్పుడే రాసుకోండి.

మా సంగతి చెప్పలేదు కదా. రెండేళ్ళాగి అదే ప్రతినిధి దగ్గరికి మళ్ళీ వెళ్ళాం, ఈసారి ఒకటే పేజీ, పైన నేను చెప్పిన అచ్చులో, కింద నాలుగు అంకెలు. మళ్ళీ పెన్ను తీశారు. గీత గీయలేదు, బడ్జెట్ పుస్తకంలో అది ఎన్నో పేజీ అని అడిగి మార్జిన్‌లో నంబర్ వేసుకున్నారు. ప్రతిపాదన నెగ్గలేదు. కానీ తర్వాతి సమావేశాల్లో ఆయన ఆ కొనుగోలు మీద లిఖితపూర్వకంగా ఒక ప్రశ్న వేశారు, వచ్చిన జవాబులో మొత్తం ఖర్చు మా కాగితంలో ఉన్నదానికంటే ఎక్కువ తేలింది. ఇప్పుడు ఆ కొత్త అంకె వేసి పేజీ మళ్ళీ రాస్తున్నాం, అకౌంట్స్ ఆవిడ చూసి సరే అన్నాకే ప్రింటింగ్‌కి ఇస్తాం ఈసారి.